పోత స్కేలు

తొమ్మిదో వారం

పోయిన వారం చిన్నదాన్ని బేకరీ వెనక గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. చేతిలో గోనెపట్టా చుట్టిన ఇనుప బ్రాకెట్టు, భుజాన సంచి, సంచిలో రెండు ఉత్తరాలు. ఒక కాలేజీ యంత్రాలూ లోహాలూ నేర్పే పైచదువుకు సీటిచ్చింది. ఇంకో కాలేజీ వ్యాపారం నేర్పే పైచదువుకు సీటిచ్చింది. ఈ రోజు సాయంత్రం ఐదింటి లోపల ఏదో ఒకదానికి సరేననాలి. ఐదు దాటితే రెండూ వేరేవాళ్ళకు పోతాయి.

ఇరవై నాలుగేళ్ళు వచ్చినా ఇంట్లో ఆమెకు చిన్నది అనే పేరు పోలేదు. ఈ చదువు ఉద్యోగం కోసం కాదు. కొన్ని కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి గానీ, అవి చేసిన యంత్రాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటిలో ఏదైనా విరిగితే ముక్క దొరకదు. ఆ ముక్కలు పోతపోయించి అమ్మే సొంత కంపెనీ పెట్టాలని ఆమె పట్టు. పోతకు కావలసిన కొయ్య నమూనాలు చెక్కేది ఆమె మేనమామ. అమ్మేది పెదనాన్న కొడుకు. ఏ మాట చెప్పినా చివర "నాదీ హామీ" అంటాడు గనక అతణ్ణి అందరూ హామీ అనే పిలుస్తారు. మొదటి గిరాకీ ఈ బేకరీ. మొదటి ముక్క ఈ బ్రాకెట్టు.

గుమ్మం తెరుచుకుంది. ఇక లోపలికి వెళ్దాం.

పిండి కలిపే యంత్రం గోడవారన ఉంది. దాని మోటారును మోసే బ్రాకెట్టు రెండు నెలల కిందట విరిగితే బేకరీ పెద్దావిడ అతుకు వేయించుకుని నడిపిస్తోంది. అతుకు వేసిన చోట మళ్ళీ సన్నగా బీట పడింది. పనివాడు పాతదాన్ని విప్పి కొత్తదాన్ని ఆనించాడు. ఒక మూల బోల్టు దిగింది. మిగతా మూడూ దిగలేదు. అతను దాన్ని విప్పి అవతలి మూల నుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఆ మూల దిగింది, ముందు దిగినది దిగలేదు. మూడోసారి సుత్తి కోసం చేయి చాచాడు. చిన్నది వద్దంది.

పెద్దావిడ చేతులకు మోచేతుల దాకా పిండి ఉంది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని చిన్నదానికి అనిపించింది.

"కొలిచే చేశారు కదమ్మా?"

"కొలిచే చేశామండీ."

"మరెందుకు పట్టలేదు?"

చిన్నది వంగి, బోల్టు దిగని మూలను వేలితో తడిమింది. ఆవిడ కాసేపు చూసి, రెండో ప్రశ్న వేసింది. ఎప్పుడిస్తారని.

"బుధవారం మేడమ్ గారూ," అన్నాడు ఆమె వెంట వచ్చిన హామీ. "నాదీ హామీ."

ఎందుకు పట్టలేదో తెలియదు గానీ ఎప్పుడు పడుతుందో అతనికి తెలిసిపోయింది. చిన్నది అన్నయ్య వంక చూసింది. అతను ఆమె వంక చూడలేదు. అప్పటికే పెద్దావిడను వేరే మాటల్లోకి దించాడు. ఈ యంత్రం ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా? ఇంకో రెండున్నాయట, ఆ కంపెనీవే. అవి ఎప్పుడైనా విరిగాయా? ఒకటి విరిగి మూడేళ్ళుగా మూలన పడి ఉందట. మీలాంటి బేకరీలు ఇంకెవరివైనా ఈ యంత్రంతో నడుస్తున్నాయా? ఆవిడ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. పిండి చేతులతోనే ఏడు దాకా లెక్కపెట్టింది. హామీ జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

బ్రాకెట్టు విరిగిన ఈ రెండు నెలల్లో చిన్నది ఆ బేకరీకి నాలుగుసార్లు వచ్చింది. ఒక్కసారి కూడా మూలన ఏముందని అడగలేదు. ఆ మాట ఆమె తనకు తాను ఒప్పుకుంది.

"చూడయ్యా, ముక్క ఎవరు పోసినా నాకు ఒకటే," అంది పెద్దావిడ చివరికి. "విరిగిన రోజున ఫోనెత్తేవాడు కావాలి నాకు. బుధవారమన్నావు. బుధవారం దాకా చూస్తాను. ఆ తరవాత మాత్రం ఈ పాత యంత్రాన్ని తూకానికి వేసి కొత్తది కొనుక్కుంటాను."

పనివాడు పాత బ్రాకెట్టును మళ్ళీ బిగించే లోపల చిన్నది అతని దగ్గర కొలిచే టేపు అడిగి తీసుకుంది. యంత్రం ఒంటి మీద బెజ్జానికీ బెజ్జానికీ మధ్య పొడవు కొలిచింది. నాలుగు వందల మిల్లీమీటర్లు. సంచిలోంచి తన డ్రాయింగు తీసింది. మూడు వందల తొంభై ఆరని ఉంది, తన చేతి రాతే. అడ్డం కొలిచింది. రెండు వందలు. డ్రాయింగులో నూట తొంభై ఎనిమిది. ఆ రెండు అంకెలనూ అరచేతి మీద పెన్నుతో రాసుకుని బయటికొచ్చింది.

బస్సులో హామీ కిటికీ పక్కన కూర్చున్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అతని నోరు మంచిదే, కానీ ఆగదు. బెజ్జాలు కాస్త సాగదీస్తే ఈ ముక్కే పట్టేస్తుందన్నాడు. సాగిన బెజ్జంలో బోల్టు ఆడుతుంది, ఆడితే విరుగుతుంది, మోసేది మోటారునని చిన్నది చెప్పింది. సరే, అది వదిలెయ్ అని అసలు సంగతికి వచ్చాడు. వ్యాపారం చదువులో చేరిపొమ్మన్నాడు. ముక్క చెయ్యడానికి మామయ్య ఉన్నాడు, పోత పోయడానికి పోతవాళ్ళున్నారు, బెజ్జం వెయ్యడానికి బెజ్జం వేసేవాళ్ళున్నారు. చేసేవాళ్ళను జీతానికి పెట్టుకోవచ్చు. గిరాకీ మనసులో ఏముందో తెలుసుకునేవాళ్ళను పెట్టుకోలేం. పెద్ద పెద్ద కంపెనీల పైన కూర్చున్నవాళ్ళెవరూ సుత్తి పట్టుకోరు. ఇలా సాగింది.

"అంత మంచి చదువైతే నువ్వే చేరరాదూ?" అంది చిన్నది.

హామీ డిగ్రీ రెండుసార్లు తప్పాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. అతను కిటికీ బయటికి చూసి నవ్వాడు.

"నన్ను రానిచ్చుంటే నిన్ను బతిమాలుతానా?"

"అంటే నీకు రాని చదువు నేను చదవాలా?"

"చదివి నాకు చెప్పు. నేను వింటాను. యంత్రాల చదువు చదివి చెప్తే నాకేం అర్థమవుతుంది?"

ఆ మాటలో మోసం లేదు. అందుకే చిన్నది కోపం తెచ్చుకోలేకపోయింది. అయితే అతను చేసిన తప్పు అతనికి గుర్తు చెయ్యక తప్పలేదు. ఒక్క ముక్క పోయించి బిగించి చూద్దామని ఆమె అంటే, ఒకేసారి ఆరు పోయిద్దామని పట్టుబట్టింది అతనే. ఆలూ లేదు చూలూ లేదు, కంపెనీ పేరుతో కార్డులు మాత్రం అచ్చు వేయించాడు. ఇప్పుడు ఒకటి కాదు, ఆరు ముక్కలు ఎవరికీ పట్టవు.

"ఆరూ నేనే పోయించాను," అన్నాడు హామీ. "కొలిచింది మాత్రం నువ్వు."

చిన్నది అరచేతిలోని అంకెలు చూసుకుంటూ కూర్చుంది. నాలుగు వందలకు నాలుగు తక్కువ. రెండు వందలకు రెండు తక్కువ. కొలిచేటప్పుడు చేయి జారితే ఒకచోట జారుతుంది. ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ వస్తుంది. నూటికి ఒకటి చొప్పున, ఇంత పద్ధతిగా, అన్నిచోట్లా జారదు. జారింది చేయి కాదు.

దిగాల్సిన చోటికి ఒక స్టాపు ముందే ఆమె లేచి నిలబడింది.

మామయ్య పనిచేసే చోటు పొడుగాటి ఒకే గది. గోడల నిండా ముప్పై ఏళ్ళుగా చెక్కిన నమూనాలు వేలాడుతుంటాయి. ఇసుకలో అచ్చు తీసి పోత పోశాక నమూనా తిరిగి ఇక్కడికే వస్తుంది, అందుకని. ఆయన కిటికీ దగ్గర బల్ల ముందు నిలబడి ఒక నమూనా మూలలకు మైనం అద్దుతున్నాడు. రెండున్నరైంది. మేనకోడలు లోపలికి రావడం చూసి, ఆమె చంకలో బ్రాకెట్టు ఇంకా ఉండడం చూసి, మళ్ళీ మైనం వైపు తిరిగాడు.

చిన్నది బ్రాకెట్టు కింద పెట్టి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళింది. అక్కడ రెండు మేకులకు రెండు ఉక్కు స్కేళ్ళుంటాయి. చూడడానికి రెండూ ఒకటే. ఒకటి మామూలు స్కేలు. రెండోది పోత స్కేలు. కరిగిన ఇనుము చల్లారితే కాస్త కుదించుకుపోతుంది, నూటికి ఒకటి. అందుకని నమూనాను ఆ మేరకు పెద్దగా చెక్కాలి. ప్రతిసారీ లెక్క కట్టే బాధ లేకుండా పోత స్కేలు మీద గీతలే కొంచెం ఎడంగా కొట్టి ఉంటాయి. దాని మీద వంద అంటే నిజానికి నూట ఒకటి. ఏది ఏదో తెలియడానికి చివర ఒక ముద్ర ఉండేది. ముప్పై ఏళ్ళ బొటనవేలు కింద ఆ ముద్ర అరిగిపోయింది. మామయ్యకు ముద్రతో పనిలేదు, చేతికి తెలుసు.

రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టి సున్నాలు కలిపింది. ఇవతలి కొనలో తేడా లేదు. మధ్యలో పెసరగింజంత. అరవై సెంటీమీటర్ల గీతల దగ్గర చిటికెనవేలి గోరంత.

"అతుకు వేయకముందు ఆ విరిగిన ముక్కను తెచ్చి దీంతో కొలిచాను," అంది. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. పైకి అంది, అంతే.

గీతలు ఎడంగా ఉన్న స్కేలుతో కొలిస్తే నాలుగు వందలు మూడు వందల తొంభై ఆరుగా కనబడతాయి. ఆ అంకె డ్రాయింగులోకి ఎక్కింది. ఆ డ్రాయింగు పట్టుకుని మామయ్య సరిగ్గానే చెక్కాడు, పోతవాళ్ళు సరిగ్గానే పోశారు, బెజ్జాలవాడు సరిగ్గానే వేశాడు. అందరూ సరిగ్గానే చేశారు.

హామీ రెండు స్కేళ్ళనూ వంగి చూశాడు. ఇంత చిన్న తేడాకా అన్నట్టు ఈల వేసి, "నాలుగేళ్ళ ఇంజనీరింగులో ఇది చెప్పలేదా?" అని అడిగాడు.

చెప్పారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా వచ్చింది. ఆమె రాసింది, రెండు మార్కులూ వచ్చాయి. ఆ స్కేలు గోడ మీద మేకుకు వేలాడుతూ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చూపించలేదు. ఇవేవీ పైకి అనలేదు. అప్పుడే ఆమెకు ఇంకో సంగతి తట్టింది. ఆ రోజు కొలిచింది ఈ బల్ల మీదే. మామయ్య ఆ రోజు కూడా ఈ కిటికీ దగ్గరే ఉన్నాడు.

"మామయ్యా, నేను దీన్ని తీసుకోవడం నువ్వు చూశావా?"

ఆయన మైనం గిన్నె పక్కన పెట్టాడు.

"చూశాను."

"చూసి ఊరుకున్నావా?"

"చదువుకున్న పిల్లవి. కుదింపు లెక్క తీసేసుకునే కొలుస్తున్నావనుకున్నాను."

"అడగొచ్చుగా?"

ఆయన జవాబు చెప్పడానికి ఎప్పుడూ తొందరపడడు. గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"కిందటేడు ఉలి పట్టుకునే తీరు సరిచేశాను. నలుగురిలో 'నాకు తెలుసు మామయ్యా' అన్నావు. ఆ తరవాత చెప్పడం మానేశాను. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నువ్వు అడగను కూడా అడగలేదు."

చిన్నదానికి ఆ రోజు గుర్తుంది. తను అన్న మాట గుర్తుంది. ఆ మాట ఆయన ఏడాదిగా మోస్తున్నాడని మాత్రం ఇప్పుడే తెలిసింది. ఒక బ్రాకెట్టు విషయంలో తప్పు ఎవరిదని వెతుక్కుంటూ పోతే, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడి ఒకరినొకరు ఒక్క ముక్క అడక్కపోవడం దగ్గర తేలింది. దానికి ఏ కాలేజీలోనూ సీటు లేదు.

"నాదే తప్పు," అంది.

"సగం," అన్నాడు మామయ్య. అని స్కేళ్ళు రెండూ తీసి ఎక్కడివి అక్కడ తగిలించాడు.

మూడున్నర దాటింది. హామీకి ఇప్పుడు దారి నల్లేరు మీద బండిలా కనిపించింది. చూశావా, నీ చెయ్యి పని చేసే చెయ్యి కాదని నువ్వే తేల్చావు, వ్యాపారం చదువుకో, కొలతలు మామయ్యకు వదిలెయ్, అన్నాడు. అతని ఫోనులో చిన్నదాని పేరు మీద ఆ కాలేజీ పేజీ తెరిచే ఉంది. సరే అన్న చోట ఒకసారి నొక్కితే చాలు. అది ఇంకేమీ అడగదు.

యంత్రాల చదువు అలా కాదు. దానికి ఒక కాగితం కావాలి. పనిచేసిన చోటి పెద్దమనిషి, ఈమెకు కొలవడం, గీయడం వచ్చని సంతకం చెయ్యాలి. సంతకం పైన మూడు ఖాళీ గీతలున్నాయి, సొంత మాటల్లో ఏమైనా రాయమని. ఆ కాగితం పది రోజులుగా మామయ్య బల్ల సొరుగులో ఉంది. ఈ రోజు సంతకం పెడతానన్నాడు. అది పొద్దున్నటి మాట.

చిన్నది స్టూలు మీద కూర్చుని అరచేతిలోకి చూసుకుంది. అన్నయ్య చెప్పిందాంట్లో నిజముంది. అతను పుస్తకంలో రాసుకున్న ఏడు బేకరీలు తనకు ఈ జన్మలో దొరికేవి కావు. పెద్దావిడ బుధవారం దాకా ఆగడం కూడా అతని నోటి పుణ్యమే. కానీ ఆవిడ వేసింది రెండు ప్రశ్నలు. ఎందుకు పట్టలేదు, ఎప్పుడిస్తారు. రెండోదానికి అన్నయ్య ఠక్కున చెప్పాడు. మొదటిదాని జవాబు తెలియకపోతే ఆ రెండో జవాబు గాలిలో దీపం. ఈ రోజంతా ఆ మొదటి ప్రశ్నే ఆమెను బస్సులోంచి లేపి నిలబెట్టింది. మూలన పడ్డ యంత్రం గురించి ఎవరైనా అడగొచ్చు. అన్నయ్యను చూస్తూ తనూ అడగడం నేర్చుకోవచ్చు. నూటికి ఒకటి చొప్పున ఎందుకు తగ్గిందని బస్సులో తనను తాను అడుక్కోవడం మాత్రం ఎవరూ పక్కనుండి నేర్పలేదు. అది తనదే. తనది ఏదో దానికే పదును పెట్టుకోవాలి.

"మామయ్యా, ఆ కాగితం," అంది.

హామీ తల పట్టుకున్నాడు.

మామయ్య సొరుగు లాగాడు. కాగితం తీసి, రంపపు పొట్టు ఊది, బల్ల మీద పరిచాడు. చెవి సందున ఉన్న పెన్సిలు తీసి, అది పనికిరాదని మళ్ళీ పెట్టుకుని, పెన్ను అడిగాడు. ఆయన రాయడం చిన్నది ఎన్నడూ చూడలేదు. కొయ్య మీద అంకెలు వేయడమే చూసింది. ఒక్కొక్క అక్షరాన్నీ చెక్కుతున్నట్టే రాశాడు. మూడు గీతలకు ముప్పావు గంట పట్టింది. హామీ రెండుసార్లు బయటికి వెళ్ళి వచ్చాడు.

నాలుగూ ఇరవైకి కాగితం ఇటు తిప్పాడు.

"ఈ అమ్మాయి తప్పు స్కేలుతో కొలిచి ఆరు పోతలు పాడు చేసింది. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పకుండా తనే పట్టుకుంది. నేను పక్కనుండి కూడా చెప్పలేదు."

కింద సంతకం.

హామీ చదివి, మామయ్య మొహంలోకి చూశాడు. ఇది ధ్రువపత్రమా, నేరం ఒప్పుకోలా అని అడిగాడు. ఇంకో కాగితం అచ్చు తీసుకొస్తాను, పది నిమిషాలు, ఖాళీ గీతలు ఖాళీగానే వదిలేసి ఉత్త సంతకం చాలన్నాడు. ఆ గీతలు నింపి తీరాలని ఎక్కడా రాసిలేదని చూపించాడు. నిజమే, రాసిలేదు.

"ఉత్త సంతకం పెట్టను," అన్నాడు మామయ్య.

చిన్నది ఆ మూడు గీతలూ ఇంకోసారి చదివింది. ఫోనుతో ఫోటో తీసింది. ఇంకెవరినీ అడక్కుండా పంపించేసింది.

తరవాత చేసేదేమీ లేదు. మామయ్య మైనం గిన్నె మళ్ళీ వెచ్చబెట్టుకున్నాడు. హామీ గుమ్మానికి ఆనుకుని తన ఫోనులో వ్యాపారం కాలేజీ పేజీ ఆరిపోకుండా వేలితో తాకుతూ నిలబడ్డాడు. యంత్రాల కాలేజీ కాదంటే అదొక్కటే మిగిలి ఉంది, అదీ ఐదు దాకానే. గోడ గడియారం నాలుగూ యాభై రెండు చూపిస్తుండగా చిన్నదాని ఫోను మోగింది.

అవతల ఎవరో ఆడమనిషి గొంతు. కాగితం అందిందంది. చేరికలు చూసేవాళ్ళు చదివారంది. మీతో కాదు, ఇది రాసినాయనతో మాట్లాడాలి, ఆయన ఉంటే ఇప్పుడే ఇవ్వండి అంది.

మామయ్య ఫోనులో మాట్లాడడు. పోతవాళ్ళు ఫోను చేసినా పక్కవాళ్ళ చేత చెప్పిస్తాడు. చిన్నది ఫోను చాచింది. ఆయన దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకుని, చెవికి ఆనించుకున్నాడు.

అవతలి గొంతు గుసగుసలా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. అది పొడుగాటి ప్రశ్న. ఆయన కదలకుండా విన్నాడు. ఒకసారి కిందపడి ఉన్న బ్రాకెట్టు వైపు చూశాడు. ఒకసారి గోడ మీది రెండు మేకుల వైపు చూశాడు. ప్రశ్న అయిపోయింది. గడియారంలో నాలుగూ యాభై ఆరు.

గుమ్మం దగ్గర హామీ ఫోను మీద వేలు ఎత్తి పట్టుకుని చెల్లెలి వంక చూస్తున్నాడు. ఆమె తల ఊపితే చాలు.

"లేదండీ," అన్నాడు మామయ్య.

(మిగతాది వచ్చే వారం)